లంబసింగిలో మంచు పడిందా?

జనవరి 4

సికింద్రాబాద్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "లంబసింగిలో మంచు పడుతుందంట కదరా, నిజమేనా?"

"చూసి చెప్తానమ్మా" అన్నాను. అంతకుమించి ఏం చెప్పినా అబద్ధమే అయ్యేది.

మన భాషలో మంచు అన్న మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేది మంచు. రోడ్డు మీద ఎదురొచ్చే లారీ కనిపించకుండా చేసేది మంచు. హిమాలయాల మీద తెల్లగా ఉండేది మంచు. ఫ్రిజ్ పై అరలో పేరుకునేదీ మంచే. పొగమంచు అని ఒకదాన్ని మాత్రం విడదీసుకున్నాం, మిగతావన్నీ సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాల్సిందే. తుషారం, తుహినం, హిమం అని పుస్తకాల్లో ఉన్నాయి గానీ టీకొట్టు దగ్గర అలా ఎవరంటారు? అందుకే లంబసింగిలో మంచు పడుతుందని ఒకరంటే, విన్నవాడికి కాశ్మీర్ కనిపిస్తుంది.

మా తమ్ముడికీ అదే కనిపించింది. సొంత తమ్ముడు కాదు, మా వాతావరణం గుంపులో చిన్నవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "లంబసింగిలో మంచు వర్షం" అని ఎవరో పెట్టిన వీడియో చూసి, వాటర్‌ప్రూఫ్ బూట్లు, చేతి తొడుగులు కొనుక్కుని మరీ వచ్చాడు. మిగిలినవాళ్ళం ముగ్గురం. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు, అందరం బావా అని పిలిచే బావ, నేను. నలుగురికీ ఉన్న జబ్బు ఒకటే. పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే చలికి పేరుపడ్డ సిర్పూర్ (యు)లో ఉష్ణోగ్రత ఎంతకు పడింది, కోహీర్‌లో ఎంత, మినుములూరులో ఎంత అని చూసుకోవాలి. చలికాలం వస్తే మాకు ఐపీఎల్ సీజన్ వచ్చినట్టే. మా ఆవిడ దీన్ని థర్మామీటర్ పిచ్చి అంటుంది. కాదని నేనెప్పుడూ వాదించలేదు.

ఈసారి లెక్క బాగా కుదిరింది. ఉత్తరాదిన ఒక వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వచ్చే మేఘాల వ్యవస్థ, హిమాలయాలకు మంచు పోసి దాటిపోయింది. దాని వెనక నుంచి పొడిగాలి మధ్య భారతం మీదుగా దిగుతోంది. ఆ గాలి ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి మన ఏజెన్సీ కొండల్లోకి వచ్చి ఆగిపోవాలి. గాలి రావడం ఎంత ముఖ్యమో, వచ్చాక రాత్రిపూట కదలకుండా పడి ఉండడం అంతే ముఖ్యం. మేం చూసే రెండు కంప్యూటర్ వాతావరణ మోడళ్ళూ నాలుగైదు రోజులు ఆకాశం నిర్మలంగా ఉంటుందని చెప్తున్నాయి. వాటిలో అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ మాత్రం 8వ తేదీన ఏదో మేఘం చూపిస్తోంది. "దాని మాట వినకండి" అన్నాడు బావ.

జనవరి 5

తెల్లారకముందే తునిలో దిగాం. చలేమీ లేదు. సముద్రం దగ్గర కదా, స్వెటర్ కూడా అక్కర్లేదు. బస్సులో నర్సీపట్నం చేరి ఇడ్లీ తిన్నాక మాస్టారు ఒక కోరిక కోరారు. ఐస్ కావాలట.

థర్మామీటర్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే దంచిన ఐసు, నీళ్ళు కలిపిన గ్లాసులో ముంచాలి. అది సున్నా చూపించాలి. అప్పుడే రేపు సున్నా అని మనం అంటే అది సున్నా. పొద్దున్నే తెరిచిన జ్యూస్ కొట్టు దొరికింది. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "మంచు చూడ్డానికి లంబసింగి పోతూ ఇక్కడ ఐసు కొనుక్కోడమేటండీ?" అన్నాడు. నాలుగు థర్మామీటర్లలో మూడు 0.1, 0.2 చూపించాయి. తమ్ముడు ఆన్‌లైన్లో కొన్నది 1.7 చూపించింది. దాన్ని అక్కడికక్కడే పదవి నుంచి తప్పించాం.

నర్సీపట్నం నుంచి లంబసింగికి దాదాపు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఈ దారి ఊరికే పడలేదు. వందేళ్ళ కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ మన్యం మనుషులతో చాలీచాలని కూలికి, కొన్నిసార్లు అదీ ఇవ్వకుండా, కొట్టి మరీ ఈ రోడ్డు పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక జనం కూడడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి జరిగింది. ఇప్పుడు అదే మలుపుల్లో కార్లు ఆపుకుని సెల్ఫీలు దిగుతున్నారు. మేమూ ఒకటి దిగాం.

లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలం. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెప్తారు. మాస్టారికి ఈ పేరు తెగ నచ్చింది. "లంబసింగి అంటే ఏముందయ్యా, కొర్రబయలు అంటే అందులో వాతావరణ నివేదిక మొత్తం ఉంది" అన్నారు.

మేం దిగింది ఊరికి కొంచెం ఎడంగా, పల్లంలో, పొలాల పక్కనున్న రెండు గదుల ఇల్లు. ఇంటాయన్ని అన్నా అని పిలిచాం. ఆయన తల్లి ఒకామె ఉంది. ఆమెను అందరూ అవ్వ అంటే మేమూ అవ్వ అన్నాం. సామాను దించగానే అన్న అడిగింది ఒకటే. "సార్, మీరు టీవీ వాళ్ళా?"

కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎందుకంటే అప్పటికే బావ పెరట్లో గుంజ పాతి, దానికి ప్లాస్టిక్ సాసర్లు ఒకదాని కింద ఒకటి బోర్లించి కడుతున్నాడు. అది మా ఇంటి తయారీ స్టీవెన్సన్ స్క్రీన్. ఎండ, ఆకాశం నేరుగా తగలకుండా, గాలి మాత్రం ఆడేలా లోపల ఒక థర్మామీటరు పెడతాం. ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ, వాళ్ళు చెప్పే ఉష్ణోగ్రత ఇలా నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, నీడలో కొలిచినదే. రెండో థర్మామీటరును రెండు పుల్లల మీద గడ్డి కొసలకు తగిలేలా పడుకోబెట్టాం. గడ్డి దగ్గర చలి వేరు. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ ఉంటుంది, దాన్ని ఆనుకున్న గాలి ముందు చల్లబడుతుంది. పై థర్మామీటరుకూ గడ్డి థర్మామీటరుకూ నాలుగైదు డిగ్రీల తేడా రావడం మామూలే. పై లెక్క 4 ఉన్నప్పుడు కూడా గడ్డి మీద నీళ్ళు గడ్డకట్టడం అందుకే.

రాత్రికి రాగి అంబలి, కోడికూర. బొంగు చికెన్ రేపు చేస్తానన్నాడు అన్న. పదింటికి 11.3.

జనవరి 6

నాలుగున్నరకి లేచాం. పెద్ద కష్టపడలేదు, ఎలాగూ నిద్ర పట్టలేదు. బయట ఐదడుగుల దూరంలో ఏమీ కనిపించడం లేదు. పొగమంచు.

తమ్ముడు ఉత్సాహంగా చేతులు చాచి "పడుతోంది, పడుతోంది" అన్నాడు. తొడుగు మీద సన్నటి తడి. నేను నవ్వాపుకున్నాను గానీ మాస్టారు ఆపుకోలేదు.

ఆరున్నరకి గాలి 6.4, గడ్డి 3.9. మాకు నిరాశే. పొగమంచు రావడమే మా కొంప ముంచింది. గాలిలో తేమ నీటి బిందువుగా మారేటప్పుడు వేడి వదులుతుంది. పైగా ఆ పొగమంచు నేల మీద దుప్పటిలా పరుచుకుని, నేల వదిలే వేడిని మళ్ళీ కిందికి పంపుతుంది. కాబట్టి జనం ఏ మంచు చూడ్డానికి లంబసింగి వస్తారో, ఆ మంచు మేం చూడాలనుకున్న మంచుకు పగది. ఫోటోలకు ఇది బాగుంటుంది, థర్మామీటరుకు కాదు.

ఏడింటికి చెరువులవేనం కొండకు బయలుదేరాం. అది వారాంతం. కొండ కింద కార్ల బారు. హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి బళ్ళు. పైన టీకొట్లు, మ్యాగీ, కొత్తగా పెళ్ళయిన జంటలు, డ్రోన్లు, తొక్కేసిన ప్లాస్టిక్ గ్లాసులు. కింద లోయంతా తెల్లటి మేఘం నిండిపోయి, దాని మధ్య నుంచి కొండ కొసలు మాత్రం లంకల్లా తేలుతున్నాయి. ఎంత రద్దీ ఉన్నా ఆ దృశ్యం ముందు నోరు మూతపడింది. పాలకడలి అని పెద్దలు రాసింది ఇలాంటిది చూసే రాసి ఉంటారు.

అక్కడ ఒకాయన తన కొడుక్కి చెప్తున్నాడు, "చూడు నాన్నా, ఇదే స్నో". బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, మాస్టారు ఏమంటారోనని. మాస్టారు ఏమీ అనలేదు. టీ తాగారు.

పైన ఒక విషయం గమనించాను. చలి తక్కువగా ఉంది. మంకీ క్యాప్ తీసేయాల్సి వచ్చింది.

జనవరి 7

ఆ అనుమానం తీర్చుకోడానికి ఈ పూట రెండు జట్లయ్యాం. బావ, తమ్ముడు తెల్లవారుజామున మూడింటికే ఒక థర్మామీటరుతో కొండెక్కారు. నేను, మాస్టారు కింద పెరట్లో. ఫోన్ సిగ్నల్ దొరికినప్పుడల్లా లెక్క చెప్పుకోవాలని ఒప్పందం.

ఐదింటికి పైన 9.6, కింద 5.5. ఆరింటికి పైన 9.4, కింద 5.0. ఆరూ నలభైకి, సూర్యుడు వచ్చాక, కింద 4.8. అదే ఆ రోజుకు అడుగు. సూర్యుడు రాగానే చలి తగ్గాలి కదా అనుకుంటాం గానీ, లేత ఎండ ఇచ్చే వేడి కంటే నేల వదిలే వేడి ఇంకాసేపు ఎక్కువగానే ఉంటుంది. అందుకే అసలు చలి తెల్లారాక పది ఇరవై నిమిషాలకు తగులుతుంది. పాలు పోసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పైకెళ్ళేకొద్దీ చలి పెరగాలి కదా అని తమ్ముడు ఫోన్లోనే వాదన పెట్టుకున్నాడు. పగలైతే అంతే. గాలి ఆడని రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, వాలు మీద నీళ్ళలా జారి పల్లంలో చేరుతుంది. లోయ ఒక గిన్నె, చలి అందులో పోసిన చల్ల. కొండ మీద నిలబడ్డవాడు గిన్నె అంచు మీద ఉన్నట్టు. జనమంతా చలి కోసం కొండెక్కుతున్నారు, చలేమో కిందున్న వరి మళ్ళలో పడుకుని ఉంది.

గడ్డి థర్మామీటరు 0.9 చూపించింది. మంచు బిందువులు లావుగా ఉన్నాయి, గడ్డకట్టలేదు. ఇంకో డిగ్రీ.

ఈ సంగతి విని అన్న పరుగున వచ్చాడు. "సార్, 0.9 అంటే సున్నా కిందే లెక్క కదా. సున్నా అని రాయండి సార్, ఫోటో పెట్టండి. వచ్చే వారం గదులన్నీ నిండిపోతాయి."

"అది గడ్డి మీదయ్యా. గాలి 4.8" అన్నారు మాస్టారు.

"గడ్డి మన ఊరిదే కదా సార్!"

దీనికి మాస్టారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ప్రతి జనవరిలో 'లంబసింగిలో సున్నా' అని వచ్చే మాటల్లో కొన్ని నిజంగా సున్నావే అయి ఉండొచ్చు, కొన్ని గడ్డివి, కొన్ని కారు అద్దం మీదవి, కొన్ని అన్న లాంటివాళ్ళవి. ఏది ఎక్కడ కొలిచిందో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్తే ఇలాగే ఉంటుంది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు ఏళ్ళ తరబడి ఒక పద్ధతిలో కొలుస్తారు. మేం గుంపులో వాదించుకునేటప్పుడు నమ్మేది ఆ లెక్కనే.

మధ్యాహ్నం బొంగు చికెన్ వచ్చింది. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కుక్కి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. దీని గురించి ఎంత రాసినా తక్కువే కాబట్టి వదిలేస్తున్నాను.

సాయంత్రం ఇంగ్లండ్ నుంచి కాల్ వచ్చింది. మా గుంపులో ఒకడు లీడ్స్‌లో ఉంటాడు. వాడిదీ ఇదే ఎదురుచూపు, కాకపోతే వాడిది అసలైన మంచు కోసం. రాత్రి రెండింటికి కిటికీ దగ్గర కూర్చుని వీధి దీపం వంక చూస్తాడట. దీపం వెలుగులో నిటారుగా గీత గీసినట్టు పడితే వాన, తేలుతూ పక్కకి జారుతూ పడితే మంచు. అక్కడి వాతావరణం పిచ్చివాళ్ళందరికీ ఈ వీధి దీపం చూపు అలవాటేనట. వాళ్ళకి మోడల్ రోజుకి నాలుగుసార్లు మారుతుంది, పొద్దున మంచు అంటుంది, రాత్రికి వాన అంటుంది. కిలోమీటరున్నర ఎత్తున గాలి మైనస్ 5 ఉంటే మంచుకు ఆశ ఉన్నట్టని ఒక మోటు లెక్క పెట్టుకుంటారు. 2018 ఫిబ్రవరిలో ధ్రువం పైన స్ట్రాటోస్ఫియర్, అంటే వాతావరణపు పై పొర, ఒక్కసారిగా వేడెక్కిందని తెలిసినప్పటి నుంచి వాళ్ళు నిద్ర మానుకున్నారట. రెండు వారాలకు తూర్పు గాలితో చలి విరుచుకుపడింది. అక్కడి పత్రికలు దాన్ని బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అన్నాయి. "అన్నా, ఆ వారం ఆఫీసు పని ఒక్కటీ చెయ్యలేదు" అన్నాడు.

"మీకు ఒకటి రెండు డిగ్రీల్లో తేలిపోతుంది. అదృష్టవంతులు" అన్నారు మాస్టారు. "మాకు ఎంత తేడానో రేపు చెప్తాను."

జనవరి 8

జీఎఫ్ఎస్ చెప్పిందే జరిగింది. అర్ధరాత్రి లేచి చూస్తే ఆకాశంలో ఒక్క చుక్క లేదు. శ్రీలంక వైపు ఎక్కడో అల్పపీడనం, దాని తోకగా తూర్పు గాలి, ఆ గాలితో సముద్రపు మేఘం. పొద్దున ఆరున్నరకి 13.6. నర్సీపట్నంలో ఉన్నట్టుంది. బావ ఎవరితోనూ మాట్లాడలేదు.

తమ్ముడు మాత్రం హుషారుగా ఉన్నాడు. "నిన్నటి చలి, ఈ రోజు మేఘం. రెండూ కలిస్తే మంచు పడుతుంది కదా మాస్టారూ?"

అక్కడే ఉంది తిరకాసు. మాస్టారు చలిమంట దగ్గర కూర్చుని, కర్రతో బూడిదలో గీతలు గీస్తూ చెప్పారు. విశాఖపట్నంలో వాతావరణ శాఖ వాళ్ళు బెలూన్ వదిలి పైగాలి కొలుస్తారు. చలికాలంలో కూడా మన ఆకాశంలో సున్నా డిగ్రీలు తగలాలంటే నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు పైకి పోవాలి. లంబసింగి ఉన్నది ఒక కిలోమీటరు ఎత్తున. పైన పుట్టిన మంచు రేకు మూడున్నర కిలోమీటర్ల వెచ్చటి గాలిలో పడుతూ రావాలి. మధ్యలోనే నీరైపోతుంది. మరి పొద్దున పూట కింద చలి ఉంది కదా అంటే, అది గిన్నె అడుగున ఉన్న పొర. కొన్ని పదుల మీటర్ల మందం. నిన్న కొండ మీద 9.4 ఉందంటే అర్థం అదే. ఆ పొరైనా ఏర్పడాలంటే ఆకాశం నిర్మలంగా ఉండాలి. మంచు కురవాలంటే మేఘం ఉండాలి. మేఘం వస్తే పొర పోతుంది. ఒకటి కావాలంటే రెండోది ఉండకూడదు.

"అంటే ఎప్పటికీ పడదా?" అన్నాడు తమ్ముడు.

"రెండువేల మీటర్ల పైనున్న ఊటీలోనే చలికాలం గడ్డి తెల్లబడుతుంది గానీ ఆకాశం నుంచి కురవదు. నువ్వు గుల్మార్గ్‌కి పోవాల్సింది" అన్నారు మాస్టారు.

తమ్ముడు తన బూట్ల వంక చూసుకున్నాడు. పాపం, ఆ పూటంతా వాటిని విప్పలేదు.

పదకొండింటికి నాలుగు చినుకులు పడ్డాయి. నేల కూడా తడవలేదు. చేసే పని లేక హైదరాబాద్ రికార్డుల గురించి మాట్లాడుకున్నాం. బేగంపేటలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1. అది 1946 జనవరి 8న. సరిగ్గా ఇదే తేదీన! ఆనాటి హైదరాబాద్ మైదానం కంటే ఇవాళ్టి లంబసింగి కొండ ఏడున్నర డిగ్రీలు వెచ్చగా ఉంది. బావ మొదటిసారి నోరు తెరిచి, "టికెట్లు రేపటికి మార్చేద్దాం" అన్నాడు.

మార్చలేదు. యూరోపియన్ మోడల్ రాత్రి రన్‌లో 9 నుంచి మళ్ళీ వాయవ్య గాలి చూపించింది. డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ బిందువుగా మారే ఉష్ణోగ్రత, సున్నా దగ్గరికి. ఆ ఒక్క అంకె చూసి బావ లేచి అన్నం తిన్నాడు.

జనవరి 9

పొద్దున 10.2. తొమ్మిదింటికి మేఘం చీలికలై తూర్పుకు పోయింది. మధ్యాహ్నానికి ఆకాశం కడిగినట్టుంది. పెదాలు పగులుతున్నాయి. పొడిగాలి వచ్చేసింది.

చింతపల్లి దాకా పోయి వచ్చాం. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, చెట్ల మీదికి పాకిన మిరియం తీగలు. ఆడవాళ్ళు ఎర్రటి కాఫీ పండ్లు ఏరుతున్నారు. వలిసె పూలు అయిపోయాయి, నెల ముందు వచ్చి ఉంటే కొండలు పసుపచ్చగా ఉండేవన్నాడు ఆటో అబ్బాయి. తిరిగొచ్చేటప్పుడు తాజంగి రిజర్వాయర్ దగ్గర కాసేపు. స్ట్రాబెర్రీ తోటలో తమ్ముడు అరకిలో కొనుక్కుని ఒక్కడే తిన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవ్వ పెరట్లో టమాటా మొక్కల మీద ఎండుగడ్డి కప్పుతోంది.

"రేపు చలి బాగా ఉంటుందా అవ్వా?" అని అడిగాను. ఆమె గాలి చూసి చెప్తుందేమో, రాసుకుందామని నా ఆశ.

"నాకేటి తెలుసు బాబూ. మీరేటో బావతో రాత్రి చెప్పుకుంటంటే ఇన్నాను, సున్నా వస్తాదని. అందుకే కప్పుతున్నాను" అంది. "నిరుడు ఇలగే ఒక పొద్దు మంచు కాల్చేసింది. చిక్కుడు పాదు, అరటాకులు నల్లగా మాడిపోయినాయి."

మేం నలుగురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఇన్నేళ్ళలో మా లెక్క నమ్మి ఎవరైనా ఒక పని చెయ్యడం ఇదే మొదలు. అది తప్పితే అవ్వకు నష్టం లేదు, గడ్డి తీసేస్తుంది. నిజమైతే మాకు పండగ, ఆమెకు చిక్కుడు పోతుంది. పాదు పందిరి మీద ఉంది, దాన్ని కప్పడానికి గడ్డి చాలదు. బావ వెళ్ళి అన్న దగ్గరున్న టార్పాలిన్ పట్టా తెచ్చి పందిరి మీద లాగి కట్టాడు. ఒక వైపు చాల్లేదు.

ఎనిమిదింటికి 9.0. పదింటికి 6.8. గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. అన్న నెగడు వేశాడు. దూరంగా వేయమని మాస్టారు బతిమాలారు, థర్మామీటరుకు సెగ తగులుతుందని. మంటకు దూరంగా మేం, మాకు దూరంగా మంట, మధ్యలో థర్మామీటరు. అర్ధరాత్రి 4.9. పొగమంచు రాకూడదని ఇంతమంది ఇంత గట్టిగా కోరుకున్న రాత్రి లంబసింగికి ఇంకోటి ఉండదు.

సంక్రాంతి చలికి చంకలెత్తలేం అని మా నాయనమ్మ అనేది. ఇంకా సంక్రాంతి రాలేదు, అప్పటికే నోట్‌బుక్‌లో అంకె రాయడానికి చెయ్యి లేవడం లేదు. రెండింటికి రాసిన 3.9ని తర్వాత ఎవరూ చదవలేకపోయారు, 8.9 అనుకున్నారు.

జనవరి 10

ఐదింటికి గాలి 3.2, గడ్డి మైనస్ 0.3. నేను గట్టిగా అరిచాను. ఎక్కడో కుక్క మొరిగింది.

టార్చి వేసి చూస్తే ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత అన్న బైకు సీటు మీద కనిపించింది. నల్లటి సీటు బూడిద రంగుకు తిరిగింది. వేలితో గీకితే గోట్లోకి తెల్లగా వచ్చింది. గడ్డివాము మీద, కంచె మీద, నేలకు తగలకుండా ఎత్తుగా ఉన్న ఎండుటాకుల మీద ఉప్పు చల్లినట్టు పలచగా ఉంది. మట్టి మీద లేదు. మట్టికి కింద నుంచి వేడి అందుతూ ఉంటుంది, గడ్డివాముకు అందదు.

ఆరూ ముప్పై అయిదుకి గాలి 2.9, గడ్డి మైనస్ 0.8. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూస్తున్నారు. కొన్ని చోట్ల ముందు బిందువుగా పట్టి తర్వాత గడ్డకట్టింది, గాజు పూసలా గుండ్రంగా ఉంది. కొన్ని చోట్ల ఆవిరి నేరుగా గడ్డకట్టింది, అక్కడ సూదుల్లా మొలిచింది. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా ఒక వరి కొయ్యను తుంపి, దాని మీది తెలుపును నాలిక మీద పెట్టుకున్నాడు. ఎలా ఉందని అడిగితే "చల్లగా ఉంది" అన్నాడు. ఐఎండీ నిబంధన ప్రకారం కొండ ప్రాంతంలో శీతలగాలులు అనాలంటే గాలి ఉష్ణోగ్రతే సున్నాకో, అంతకన్నా కిందికో రావాలి. అది రాలేదు. గాలి లెక్క 2.9 దగ్గరే ఆగింది. ఆ పూట ఎవరికీ అది గుర్తు రాలేదు.

ఏడూ పదికి కొండ మీంచి ఎండ గడ్డివాము మీద పడింది. అంత తెలుపూ పది నిమిషాల్లో నీళ్ళయిపోయింది. చెరువులవేనం నుంచి దిగొచ్చిన ఒక కుటుంబం మమ్మల్ని చూసి కారాపి, ఏం చూస్తున్నారని అడిగారు. చూపిద్దామంటే బైకు సీటు నీడ వైపు అంగుళం మాత్రం మిగిలింది. వాళ్ళు ఫోటో తీసుకోలేదు.

అన్నకు గడ్డి థర్మామీటరు ఫోటో ఇచ్చాం. కింద "గడ్డి మీద" అని రాసే ఇచ్చారు మాస్టారు. అన్న దాన్ని కత్తిరించి పెడతాడని అందరికీ తెలుసు.

టమాటాలు బాగున్నాయి. పట్టా చాలని వైపు చిక్కుడు ఆకులు తొమ్మిదింటికల్లా వేడినీళ్ళు పోసినట్టు వాలిపోయి, మధ్యాహ్నం మేం బస్సెక్కే వేళకి నల్లబడ్డాయి. అవ్వ వాటిని తుంచి ఆవుకు వేసింది. మాకు పిడికెడు చిక్కుడుకాయలు కట్టిచ్చింది, రైల్లో ఏం చేసుకుంటామని అనుకుందో.

తునిలో రైలు కోసం చూస్తుండగా అమ్మ ఫోన్.

"ఇంతకీ మంచు పడిందా?"

ఒక్క క్షణం ఆలోచించాను. మాస్టారు పక్కనే ఉన్నారు, వింటున్నారు.

"పడిందమ్మా."

"ఇక్కడా బాగా పడుతోందిరా. మిరపకాయలు కళ్ళంలో ఉన్నాయి కదా, రోజూ రాత్రి పట్టాలు కప్పలేక చస్తున్నారు మీ నాన్న."